దొరగారు పుచ్చుకున్న తాంబూలం

కాదండీ, పిచ్చి కాదు. పిచ్చయితే మందుంటుంది. వాళ్ళకున్నది వంశం. మొన్న సరిగ్గా ఈ మాట దగ్గరే మా అమ్మాయి ప్రజ్ఞ కారు హారన్ కొట్టింది, సగంలో వదిలేసి పరిగెత్తాను. ఇవాళ అది ఆస్పత్రి డ్యూటీకి పోయింది, సాయంత్రం దాకా రాదు. కూర్చోండి, మొదటినుంచీ చెప్తాను.

అయితే ఇది ఆ ఇంగ్లీషు దొరల కథ అనుకునేరు. కాదు. వాళ్ళకి వండిపెట్టి, మందలించి, మేపుకొస్తున్న మా గంగారత్నం కథ. దొరలు ఇందులో తాలింపు గింజలు. చిటపటలాడేది వాళ్ళే, కడుపు నింపేది మాత్రం ఆవిడే.

గంగారత్నానిది రాయచోటి అవతల ఒక పల్లె. పెళ్ళయిన కొత్తల్లోనే ట్రాక్టరు తిరగబడి మొగుడు పోయాడు. పిల్లల్లేరు. "ఇంట్లో కూచోని గోడకు మొగం చూపించేదానికంటే కువైట్ పోయేది మేలు" అనుకుని వచ్చేసింది. ఒక కువైటీ ఇంట్లో చేరి, ఆ ఇంటి పిల్లల్ని చంకనేసుకుని పెంచింది. ఆ పిల్లలు మీసాలు పెంచుకుని కార్లు తోలుకునే వయసుకొచ్చాక, ఆ ఇంటి పెద్దాయనే తన రెండో విల్లాలో వంటకి పెట్టాడు. ఆ విల్లా ఎగైలాలో, మా అమ్మాయి ఇంటికి రెండిళ్ళవతల. అందులో ఉంటారు ఇంగ్లీషు వాళ్ళు.

ఇద్దరే. అన్నాచెల్లెళ్ళు. ఆయన లార్డ్ హంఫ్రీ ఆల్‌డర్విక్, ఆవిడ లేడీ విన్నిఫ్రెడ్. ఇద్దరికీ డెబ్బై దాటింది, ఇద్దరికీ పెళ్ళి కాలేదు. వాళ్ళకి ఇంగ్లండులో కోట ఉంది. కోటకి పైకప్పు ఉంది. వాన పడితే మాత్రం లేదు. ఆ కోటని పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చేసి, దొరగారు ఆ కువైటీ పెద్దమనిషి మనవలకి మర్యాదలు నేర్పే ఉద్యోగం మీద ఇక్కడికొచ్చాడు. అవునండీ, అదొక ఉద్యోగమే. ఫోర్కు ఎలా పట్టుకోవాలి, ముసలావిడ గదిలోకొస్తే ఎలా లేచి నిలబడాలి, ఎవరైనా పళ్ళెం అందిస్తే ఎలా పుచ్చుకోవాలి. ఈ చివరిది గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది.

ఆ ఇంట్లో రోజూ రాత్రి భోజనానికి గంట కొడతారు. తినేది ఇద్దరు, ఇద్దరూ గంట పక్కనే కూర్చుని ఉంటారు, అయినా కొడతారు. బయట ఎండ మాడుస్తున్నా ఆయన నల్లకోటు, మెడకి సీతాకోకచిలక టై. చేతిలో గొడుగు. కువైట్‌లో గొడుగేమిటండీ అని నేనడిగితే, "ఇంతవరకూ వాన నన్ను అజాగ్రత్తగా ఉండగా పట్టుకోలేదు, మేడమ్" అన్నాడు. పెరట్లో మూడు తాబేళ్ళు. వాటికి వాళ్ళ బాబాయిల పేర్లు పెట్టారు. పొద్దున్నే ఆవిడ వాటి దగ్గరికెళ్ళి గుడ్‌మార్నింగ్ చెప్పి, పెద్ద తాబేలు తల బయటికి పెడితేనే తను కాఫీ తాగుతుంది.

గంగారత్నం వంటకి చేరిన మొదటి రోజు ఆవిడ, "పుడ్డింగు వచ్చా?" అని అడిగిందట. గంగారత్నానికి ఆ మాట తెలీదు. తెలీదని చెప్పే మనిషి కాదు. "వచ్చు మామా" అనేసింది. ఇక్కడ పనిచేసే వాళ్ళు ఇంటావిడని మామా అంటారు, మీకు తెలిసిందే. గుండ్రంగా ఉంటుందని మాత్రం సైగలో అర్థమైంది. రాగి సంగటి ముద్ద చేసి, పక్కన చెనక్కాయల చట్నీ పోసి, వెండి మూత మూసి బల్ల మీద పెట్టింది. దొరగారు మూత తీశాడు. కత్తితో కేకులా ముక్కలు కోశాడు. ఫోర్కుతో తిన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "మా అమ్మ పోయాక ఇంత బరువైన పుడ్డింగు తినలేదు" అన్నాడు. ఆ దెబ్బతో గంగారత్నం ఆ ఇంటికి రాణి అయిపోయింది.

నేనక్కడికి ఎలా చేరానంటారా? లేడీగారికి గంగారత్నంతో తెలుగులో మాట్లాడాలని సరదా పుట్టింది. రిటైరైన టీచర్ని, ఖాళీగా ఉన్నాను, రోజూ గంటసేపు వెళ్ళి నేర్పుతానన్నాను. వెళ్ళేసరికి ఆవిడ సగం నేర్చేసుకుని ఉంది, గంగారత్నం దగ్గర. నేను తలుపు తట్టగానే, "ఏం టీచరమ్మా, ఎండకు యాడ పడి వచ్చినావు? కూచో, గమ్మున!" అంది. మా కృష్ణా జిల్లా తెలుగు నేర్పుదామని ఎంత ప్రయత్నించినా, ఆ రాజవంశం నోటికి కడప తప్ప ఇంకేదీ ఎక్కలేదు.

ఇక అసలు సంగతి. ఆ ఇంటి ముందు పచ్చిక.

వాళ్ళ కోట ముందు పెద్ద పచ్చికబయలు ఉందట. అక్కడ చెక్కసుత్తులతో బంతిని కొట్టి, ఇనప కమ్మీల మధ్యనుంచి దొర్లించే ఆట ఆడేవారట తరతరాలుగా. ఇక్కడ ఇసక. గడ్డి వేస్తే మాడిపోయింది. ఎవరైనా అయితే ఊరుకుంటారు. దొరగారు ఇసకకి పచ్చ రంగు వేయించాడు. నిజమండీ, గోడకేసే రంగు. దూరంనుంచి చూస్తే పచ్చికే. దగ్గరికొస్తే తాబేళ్ళ కాళ్ళు పచ్చగా ఉంటాయి.

ఆ రంగు డబ్బాలు అమ్ఘరానుంచి వస్తాయి. అక్కడ ఇళ్ళు కట్టే సామాన్ల షాపుల్లో ఒకదానికి డ్రైవరు బాలసుబ్బయ్య. మనిషి యాభైకి అటూ ఇటూ, భార్య పోయింది. ఊరు గంగారత్నం ఊరికి దగ్గర్లోనే. మొహానికి తువ్వాలు చుట్టుకుని, కళ్ళు మాత్రం కనిపించేలా వస్తాడు. డబ్బాలు దించి, పంపుతో రంగు కొట్టి, తలనుంచి కాళ్ళదాకా పచ్చగా అయిపోయి, వాకిట్లో నిలబడి మంచినీళ్ళు అడుగుతాడు. గంగారత్నం నీళ్ళిస్తుంది. మొదట్లో నీళ్ళే. తరవాత మజ్జిగ. ఆ తరవాత మజ్జిగలో కొత్తిమీర. కొత్తిమీర పడిందంటే నాకర్థమైపోయింది.

దుమ్ము తుఫాను వచ్చిందంటే పచ్చికంతా ఎర్రమట్టి కప్పేస్తుంది, మళ్ళీ రంగు కొట్టించాలి. కువైట్ అంతా దుమ్ము రావొద్దని మొక్కుకుంటుంటే, గంగారత్నం కిటికీలోంచి ఆకాశం వంక చూసి, "ఏం టీచరమ్మా, గాలి తిరిగినట్టు లేదూ?" అనేది. తుఫాను వార్త వస్తే చాలు, తలకి నూనె పెట్టుకునేది.

ఒకరోజు నేను అడిగేశాను. "గంగారత్నం, ఇలా తుఫానుకొకసారి ఎంతకాలం?"

"నేనేం చేసేది టీచరమ్మా? ఆయప్ప చేసుకుంటానంటాండాడు. దొంగల మాదిరి ఒద్దు, పద్ధతిగా తాంబూలం తీసుకొచ్చి పెద్దోళ్ళను అడుగుతా అంటాండాడు. నాకు ఈడ పెద్దోళ్ళు ఎవురుండారు?"

ఊళ్ళో ఒక్క తమ్ముడున్నాడు, మహేష్. ఫోన్ చేస్తే వాడు ఎగిరిపడ్డాడు. ఈ వయసులో పెళ్ళేంది, ఊళ్ళో నా మొగం యాడ పెట్టుకోవాల అన్నాడు. చివరికి ఎకసెక్కంగా, "నీకు ఆడ పెద్దదిక్కు ఎవురుంటే వాళ్ళు తాంబూలం పుచ్చుకోనీలే. పుచ్చుకుంటే నేను మాట దాటను" అని పెట్టేశాడు.

వాడన్నది ఎకసెక్కానికి. గంగారత్నం తీసుకున్నది మాటకి. ఫోన్ పెట్టేసి, చేతులు తుడుచుకుని, నన్ను లాక్కుని నేరుగా దొరగారి ముందుకెళ్ళింది.

"టీచరమ్మా, చెప్పు. దొర నాకు పెద్దదిక్కుగా కూచోవాల. పిల్లోడు తాంబూలం తెస్తే పుచ్చుకోవాల."

నా ఇంగ్లీషులో నేను చెప్పాను. దొరగారు పేపరు మడిచాడు. లేచి నిలబడ్డాడు. నాకు భయమేసింది, కోపమొచ్చిందేమోనని. ఆయన కళ్ళలో నీళ్ళు! "మా ఇంట్లో ఆడపిల్ల పెళ్ళి జరిగి మూడు తరాలైంది" అన్నాడు. "నేను సిద్ధం."

లేడీగారు మాత్రం మొహం గంటు పెట్టుకుంది. "ఈయమ్మ పెండ్లి చేసుకోని పోతే నాకు సంగటి ఎవురు చేస్తారు మే?" అంది. పెళ్ళయినా ఇక్కడే పనిచేస్తుందనీ, బాలసుబ్బయ్య శుక్రవారం శుక్రవారం వస్తాడనీ, రంగు కూడా దగ్గరుండి కొడతాడనీ చెప్తే, క్షణం ఆలోచించి, "అట్లయితే మంచోడే" అని తీర్పు చెప్పింది.

శుక్రవారం మంచిరోజని పెట్టుకున్నాం. గురువారం కొంప మునిగింది.

తమలపాకులు ఇక్కడ కావాలన్నప్పుడు దొరకవు. బాలసుబ్బయ్య అమాయకుడు, మిర్కాబ్‌లో మెస్ నడిపే చెంగల్రాయుణ్ణి అడిగాడు, ఊరినుంచి వచ్చేవాళ్ళ చేత తెప్పించమని. చెంగల్రాయుడిది రాజంపేట. తెల్లచొక్కా, మెళ్ళో గొలుసు, గంధం బొట్టు. వంట మాత్రం అంతంత. ఉగాదికి అందరం కలిసినప్పుడు గంగారత్నం చేసిన చిత్రాన్నం తిన్నాడు. అప్పట్నుంచీ కనపడిన ప్రతివాడితోనూ, "ఆ చెయ్యి నా మెస్‌లో పడితే మిర్కాబంతా నా గడప తొక్కుతాది" అంటూ తిరుగుతున్నాడు. అతనికీ భార్య లేదు. ఉన్న ఆవిడ ఊళ్ళో విడాకులిచ్చి హాయిగా ఉందట. ఆకులెందుకని అడిగాడు. బాలసుబ్బయ్య సిగ్గుపడుతూ మొత్తం చెప్పేశాడు, పెద్దదిక్కు దొరగారని సహా.

ఆకులు వచ్చాయి. బాలసుబ్బయ్యకి రాలేదని చెప్పాడు. అవే ఆకులు, టెంకాయ, అరటిపళ్ళు, వక్కలు, పసుపు కుంకుమ పళ్ళెంలో సర్దుకుని, మెస్‌లో తినే నలుగురిని వెంటేసుకుని గురువారం మధ్యాహ్నమే ఎగైలాలో దిగాడు.

ఆ టైముకి గంగారత్నం రేపటి పళ్ళ కోసం జమియా సూపర్‌మార్కెట్‌కి వెళ్ళింది. లేడీగారు పెరట్లో బాబాయిలకి స్నానం చేయిస్తోంది. నేను మా ఇంట్లో నిద్రపోతున్నాను. తలుపు తీసింది దొరగారు.

ఆయన ఇంతవరకూ బాలసుబ్బయ్య మొహం చూసిన పాపాన పోలేదు. చూసింది ఒక తువ్వాలు, రెండు కళ్ళు, మిగతా అంతా పచ్చరంగు. ఎదురుగా తెల్లచొక్కా మనిషి పళ్ళెం పట్టుకుని వంగి నిలబడేసరికి, ఓహో, రంగు కడుక్కుంటే ఇలా ఉంటాడన్నమాట అనుకున్నాడు. ఒకరోజు ముందే వచ్చాడేమిటనుకోలేదా అంటే, "ప్రేమలో ఉన్నవాడు తొందరపడటం సహజం కదా, మేడమ్" అన్నాడు తరవాత నాతో.

రెండు చేతులా పళ్ళెం పుచ్చుకున్నాడు. వంగి నమస్కారం పెట్టాడు. మర్యాదకి ఒక తమలపాకు నోట్లో పెట్టుకుని నమిలాడు. అంతటితో పోనీ అనుకుంటే, పళ్ళెమిచ్చినవాణ్ణి ఉత్తచేతులతో పంపకూడదని వాళ్ళ ఆచారమట. లోపలికెళ్ళి, వాళ్ళ కోటలో చేసిన నారింజతొక్కల జామ్ సీసా ఒకటి తెచ్చి చెంగల్రాయుడి చేతిలో పెట్టాడు. వెంట వచ్చిన నలుగురూ ఫోటోలు తీశారు.

నేను లేచి వెళ్ళేసరికి దొరగారు ఇంకా ఆకు నములుతున్నాడు. "మీవాడు చాలా సభ్యుడు. కొంచెం నూనె ఎక్కువ రాస్తాడు, అంతే" అన్నాడు.

అప్పుడే సంచులతో లోపలికొచ్చింది గంగారత్నం. బల్ల మీద పళ్ళెం చూసింది. మొహం విప్పారింది. "ఆయప్ప ఈ పొద్దే వచ్చినాడా?" అంది. ఆవిడ ఫోన్ టింగుమంది. రాయచోటి వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫోటో. దొరగారు, పళ్ళెం, చెంగల్రాయుడి పళ్ళు. అరటిపళ్ళు కావండీ, నోట్లోవి.

గంగారత్నం చేతిలో సంచి జారిపోయింది. నారింజలు వంటగదంతా దొర్లాయి.

ఆ సాయంత్రం ఫోన్ల మీద ఫోన్లు. మహేష్ చేశాడు. "అక్కా, అదెవుడైతే ఏంది? నీ పెద్దదిక్కు పుచ్చుకున్యాడు, తిరిగి సీసా గూడా ఇచ్చినాడు. తాంబూలాలు మార్చుకున్నట్టే. ఖలాస్. ఊరంతా చూసినారు, మాట తప్పితే నేను తలెత్తుకోలేను." గంగారత్నం బాలసుబ్బయ్యకి చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఆ పెద్దమనిషి నంబరు బ్లాక్ చేశాడు! గ్రూపులోంచి కూడా వెళ్ళిపోయాడు. యాభై ఏళ్ళ మనిషి, ఇంటర్ పిల్లాడిలా.

ఆవిడ ఏడవలేదు. అది చూసే నాకు భయం వేసింది. సంగటి కలిపే తెడ్డు పట్టుకుని గోడ వంక చూస్తూ కూర్చుంది. "ఆ మెస్‌లో మూకుళ్ళు తోముకుంటా బతకాల్నా టీచరమ్మా? వాడు చేసుకుంటాండేది నన్ను కాదు, నా చేతిని" అంది.

నేను దొరగారి దగ్గరికి పరిగెత్తాను. అయ్యా, పొరపాటైంది, వెనక్కి ఇచ్చేయండి అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. తప్పు తెలిసింది, కానీ చెయ్యలేనన్నాడు. ఆల్‌డర్విక్‌లు పుచ్చుకున్నది వెనక్కివ్వరట. వాళ్ళ ముత్తాత ఒకసారి గుర్రాన్ని అమ్ముతూ, చీకట్లో వేరేవాడికి మాటిచ్చేశాడట. తెల్లారాక తెలిసినా, గుర్రాన్ని వాడికే ఇచ్చి, వానలో ఇంటికి నడిచొచ్చి, జలుబు చేసి పోయాడట. "మేమందరం ఆయన్ని గౌరవిస్తాం" అన్నాడు.

లేడీగారు తడితాబేలుని చంకలో పెట్టుకునే వచ్చింది. "గుర్రం కత వద్దు హంఫ్రీ! నా సంగటి పోతాది ఈడ!" అని తెలుగులోనే అరిచింది. ఆయనకి తెలుగు రాదు. తరవాత ఇంగ్లీషులో అరిచింది. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ చాలాసేపు పోట్లాడుకున్నారు, మధ్యలో భోజనం గంట కొట్టి, తిని, మళ్ళీ పోట్లాడుకున్నారు.

ఆఖరికి దొరగారు టై సర్దుకుని నావైపు తిరిగాడు. "మేడమ్, ఒక మాట మర్చిపోయాను. మా ఆచారం ప్రకారం మాటిచ్చిన మగవాడు వెనక్కి పోకూడదు. ఏ తరఫు పెద్దలూ పోకూడదు. కానీ ఆడమనిషి ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చు. ఆవిడ హక్కు అది. కారణం కూడా చెప్పక్కర్లేదు. అయితే ఆవిడే స్వయంగా చెప్పాలి. నేను వెనక నిలబడతాను."

ఇది తర్జుమా చేసి చెప్తే గంగారత్నం నోరు తెరిచింది. "నేను చెప్పేదేంది? మా పక్క తాంబూలాల కాడ ఆడది నోరిప్పదు టీచరమ్మా. లోపల తలుపు సందులోనించి చూస్తాది, అంతే."

"నీ తాంబూలం పుచ్చుకున్నది ఏ పక్కవాడు?" అన్నాను నేను. "దొర పెద్దరికం కావాలంటే దొర పద్ధతి కూడా పుచ్చుకోవాలి. ఒకటి మనది, ఒకటి వాళ్ళదీ ఎలా కుదురుతుంది?"

ఆవిడ ఆలోచించింది. పొయ్యి కట్టేసింది. "పళ్ళెం యాడ పెట్టినారు?" అంది.

శుక్రవారం మధ్యాహ్నం మిర్కాబ్ బయల్దేరాం. కారు లేడీగారు తోలింది, చేతులకి తోలు తొడుగులు వేసుకుని, రోడ్డు మొత్తం తన తాతగారిదే అన్నట్టు. ముందు సీట్లో గంగారత్నం, ఒళ్ళో పళ్ళెం. వెనక నేనూ, దొరగారూ, గొడుగూ. పళ్ళెంలో ఒక్క ఆకు తక్కువ, అది దొరగారి కడుపులో ఉంది.

చెంగల్రాయుడి మెస్ శుక్రవారం కిటకిటలాడుతుంది. సెలవు కదా, మన కడప, రాయచోటి వాళ్ళంతా అక్కడే. మేం లోపలికి అడుగుపెట్టగానే చప్పుడు ఆగిపోయింది. కోటూ టై వేసుకున్న ఇంగ్లీషు దొరని చూసి ఒకాయన నోట్లో ముద్ద అలాగే ఉంచేసుకున్నాడు. చెంగల్రాయుడు గల్లాపెట్టె వెనకనుంచి లేచి, "రాండి రాండి! ఏం గంగారత్నం, అప్పుడే అత్తగారిల్లు చూసేదానికి వచ్చినావా?" అన్నాడు.

గంగారత్నం పళ్ళెం గల్లా మీద పెట్టింది.

"ఇదో, నీ టెంకాయ. నీ పండ్లు. నీ ఆకులు. నాకు ఒద్దు."

"ఒద్దనేదానికి నువ్వెవురు? పెద్దలు పుచ్చుకున్యారు. ఫోటో ఉండాది."

"పుచ్చుకునింది దొర. కాపరం చేయాల్సింది నేను."

"ఆడదానివి, మాట తిరగ్గొడతావా?"

"తాంబూలం పుచ్చుకున్నోళ్ళనే చేసుకోవాలంటే, ఇదో ఉండాడు దొర, ఈయన్నే చేసుకో అబ్బీ! సంగటి చేసేది రాదు గానీ, కోట ఉండాది ఇంగ్లండులో. పైకప్పు నువ్వు ఏయించుకుందువు!"

మెస్ మొత్తం ఘొల్లుమంది. ఒకాయన అన్నం మీద చెయ్యి పెట్టుకుని నవ్వాడు. దొరగారు నావైపు వంగి, "ఏమంటోంది?" అనడిగాడు. మీ గురించి చాలా గౌరవంగా చెప్తోందన్నాను. ఆయన చెంగల్రాయుడికి వంగి నమస్కారం పెట్టాడు. అది చూసి మళ్ళీ నవ్వులు.

చెంగల్రాయుడి మొహం వంకాయలా అయిపోయింది. గంగారత్నం వదల్లేదు. "మా దొర సీసా యాడ? అది గూడా మాకియ్యి. లెక్క సరిపోవాల."

సీసా గల్లా పక్కనే ఉంది. ఖాళీగా. రాత్రే దోసెల్లోకి నంచుకు తినేశారట. లోపలినుంచి వంటవాడు, "బాగుండ్లేదు, చేదుగా ఉండాది, అయినా తినేసినాం" అని అరిచాడు.

మూల కూర్చున్న ఒక ముసలాయన గడ్డం నిమురుకుంటూ, "ఖాళీ సీసా ఇయ్యగూడదు రాయుడూ. దోషం" అన్నాడు. ఇంకొకాయన, "గోంగూర ఏసి ఇయ్యప్పా, యల్లా, మా బువ్వ చల్లారిపోతాంది" అన్నాడు. ఆ చెంగల్రాయుడు, పాపం, ఊరంతా చూస్తుండగా సీసా కడిగి, గోంగూర ఊరగాయ నింపి, రెండు చేతులా దొరగారికి అందించాడు. దొరగారు పుచ్చుకున్నాడు. ఇంకేం చేస్తాడు, అందించిన పళ్ళెం, సీసా కాదనగూడదు కదా. నేను మాత్రం గట్టిగా, "ఇది తాంబూలం కాదు, ఊరగాయ!" అని అందరికీ వినపడేలా చెప్పాను. ఆయన్ని నమ్మలేం.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో పొద్దున్నే రొట్టె మీద గోంగూర. నారింజ జామ్ కంటే ఇదే వంశానికి తగినదట.

ఈ తతంగమంతా అక్కడివాళ్ళు వీడియో తీశారు, సాయంత్రానికి రాయచోటి చేరింది. మహేష్ ఫోన్ చేశాడు. "అక్కా, అది నువ్వేనా?" అన్నాడు. "నేనే" అంది. "మన నాయనుంటే కొట్టేటోడు" అన్నాడు. "నవ్వేటోడు" అంది గంగారత్నం. అటునుంచి వాడే నవ్వేశాడు. "సరే, ఈసారి దొరను మొగం చూసి పుచ్చుకోమని చెప్పు" అన్నాడు.

అంతా బాగుంది. ఒక్కటే బాగాలేదు. చూడాల్సినవాడు ఆ వీడియో చూడలేదు. గ్రూపులో లేడు, నంబరు బ్లాకు. నేనే అమ్ఘరా వెళ్ళి చెప్పొస్తానంటే గంగారత్నం ఒప్పుకోదు.

"మిర్కాబ్ దాకా పోయినా టీచరమ్మా, అంతమంది మొగోళ్ళ మధ్య నోరిప్పినా. అమ్ఘరాకు మాత్రం పోను, ఎవురినీ పంపను. ఒక ఫోటో చూసి నన్ను అడక్కుండా అలిగినాడే, ఆ కాళ్ళతోనే రావాల."

"రాకపోతే?"

"రాకుంటే మజ్జిగ మిగుల్తాది. తాబేళ్ళకు పోస్తా."

అనేసింది కానీ, రోజూ మజ్జిగ చేస్తూనే ఉంది. కొత్తిమీర వేస్తూనే ఉంది. నిన్న నేను చూస్తుండగానే గ్లాసు నింపి, వాకిలి దాకా తెచ్చి, ఎవరూ లేరని చూసి, తనే తాగేసి లోపలికి పోయింది. పచ్చిక కూడా వెలిసిపోతోంది. దొరగారు బంతి కొడితే పచ్చమీంచి బయల్దేరి గోధుమరంగు మీద ఆగుతోంది. లేడీగారు నన్ను పట్టుకుని, "టీచరమ్మా, ఏదో ఒకటి చెయ్ మే. ఈయమ్మ సంగట్లో ఉప్పు మర్చిపోతాంది" అంది.

ఇదిగో, పొద్దున్న లేచి కిటికీ తీద్దును కదా, ఎదుటి గోడ కనిపించలేదు. ఆకాశమంతా పసుపు. పళ్ళ మధ్య ఇసక కరకరలాడింది. తుఫాను! నాకు ఒళ్ళంతా పులకరించిందంటే నమ్మండి. దుమ్ము తగ్గాక చున్నీ ముక్కుకి చుట్టుకుని ఆ ఇంటిదాకా వెళ్ళొచ్చాను. ఒక్క పచ్చ మచ్చ మిగల్లేదు. కోట, పచ్చిక, వంశం, అన్నీ ఎర్రమట్టి కింద. తాబేళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ దొరగారు గొడుగు వేసుకుని తిరుగుతున్నాడు. వంటగదిలో గంగారత్నం నన్ను చూడనట్టే ఉల్లిపాయలు తరుగుతోంది. తలకి మాత్రం నూనె పెట్టుకుంది.

నా నంబరు బాలసుబ్బయ్యకి తెలీదు, షాపువాళ్ళకి అసలే తెలీదు. మనిషిని పంపొద్దంది కానీ, రంగు తెప్పించొద్దనలేదు కదా. ఇంటి రంగు ఇంటివాళ్ళు తెప్పించుకోరూ! షాపు తెరిచే వేళైంది. ఇప్పుడే అమ్ఘరాకి ఫోన్ చేస్తాను. ఎగైలా విల్లాకి పచ్చరంగు కావాలి, ఎప్పుడూ వచ్చే డ్రైవరే తేవాలి, ఇంకెవరొచ్చినా గేటు తియ్యం అంటాను. ఇంకొక్క మాట కూడా చెప్పాలి, మర్చిపోతానేమో, మీరు గుర్తుచేయండి. దొరగారు చూస్తారు, ఈసారి మొహానికి తువ్వాలు లేకుండా రమ్మనాలి.